రేడియం చుక్క

6 జనవరి 2025
నూజెండ్ల మండలం

పొద్దున మంచు. గుడి గంట కొట్టి వెనక్కి తిరిగితే గుడే కనపడలేదు. మిరపచేనుకు మందు కొట్టి, డబ్బా కడిగి బోర్లించి వచ్చాను.

చెల్లి వందనకు అన్న పేతురు దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ చేతిలోంచి మీ వదిన దయామణి లాక్కుంది. అచ్చులో ఉన్న కాగితం చూసి "ఏందయ్యా ఇది, కోర్టు నోటీసా?" అంది. కింద నీ పేరు చదివి చెప్పాను. వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. పోయిన ఫిబ్రవరిలో లారీ గుద్దిన దగ్గర నుంచి నీ మాట మా దాకా రావడం ఇదే మొదలు. గొంతులో గొట్టం వేశాక నీ పెదవులు కదిలేవి గాని శబ్దం వచ్చేది కాదు. నాకు అర్థం కాకపోయినా తల ఊపేవాణ్ణి. నేను తల ఊపినప్పుడల్లా నువ్వు కళ్ళు మూసుకునేదానివి. అది నాకు తెలుసు. అయినా ఊపేవాణ్ణి.

తలతో రాస్తున్నానని రాశావు. కాళ్ళూ చేతులూ మెడ కిందంతా పోయాక తలతో రాయడం ఎట్లాగో నా బుద్ధికి తట్టలేదు. కానీ ఆ హోమ్‌లో నిన్ను చూసుకునే ఫిర్దౌస్ ఫోన్ చేసి యంత్రం సంగతంతా మీ వదినకు చెప్పింది. మళ్ళీ అదంతా రాసి మెడ నొప్పి తెచ్చుకోకు. మాకు తెలుసులే.

నేను ఫోన్‌లో మాట్లాడలేనని నీకు తెలిసిందే. ఎవరైనా "హలో" అంటే నాకు లోపల ఉన్నది కూడా పోతుంది. అందుకే కాగితమే నయం. కోతలు ఒక దారికి వచ్చాక నేనే వచ్చి చూస్తాను.

మీ వదిన నీకు జొన్నరొట్టెలు పంపుతానంటుంది. చెన్నై దాటి రొట్టెలు ఎట్లా పోతాయే అంటే నన్నే తిట్టింది.

నీ అన్న
పేతురు


17 జనవరి

అన్నా,

ఎండ. చేసిన పని ఏమీ లేదు.

నీలాగే మొదలుపెడదామని చూశాను. రెండో వాక్యానికే అయిపోయింది. నువ్వు ఉత్తరం రాసినా డైరీ రాసినట్టే ఉంటుంది.

ఈ కాగితం నాలుగు రోజుల పని. తెర మీద అక్షరాలుంటాయి. నా తల కదిలితే బాణం కదులుతుంది. కావలసిన అక్షరం మీద బాణాన్ని నిలిపి ఉంచాలి. నిలిస్తే అది పడుతుంది. మెడ వణికితే పక్కది పడుతుంది. ఒత్తులంటే భయం.

ముందు నోట్లో గొట్టం పెట్టారు. ఊదితే ఒక పని, పీలిస్తే ఒక పని. నాకు అంత ఊపిరి లేదు. తర్వాత కంటిపాపలను చూసే కెమెరా పెట్టారు. చూపుతోనే రాయాలి. కళ్ళలో నీళ్ళు కారుతూ ఉంటే అది నన్ను పట్టుకోలేకపోయింది. మాట విని రాసేది కూడా ఉంది. మాట ఉన్నవాళ్ళకు. గడ్డంతో కర్రను తోసి కుర్చీని నడపడం మాత్రం నేర్పుతున్నారు. నిన్న గోడను గుద్దాను. ఫిర్దౌస్ నవ్వితే నాకూ నవ్వొచ్చింది.

చివరికి ఇది కుదిరింది. తలకు గుర్తు పెడతారు. కెమెరా ఆ గుర్తును చూస్తూ ఉంటుంది. మిగతాది ఫిర్దౌస్ చెప్పిందన్నావు కాబట్టి రాయను.

నీకు అభ్యంతరం ఉంటుందని భయపడ్డాను. తెలిసి కూడా నువ్వు ఒక్క మాట అనలేదు. నాకు అదే పెద్ద సంగతి.

ఉత్తరం ఎప్పుడైనా సగంలో ఆగితే కోపమనుకోవద్దు. మెడ అలిసిందనుకో. ఎంతవరకు పడితే అంతవరకే అచ్చుతీసి పంపమన్నాను. ఫిర్దౌస్‌కు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నా పెదవులు చూసి కొన్ని మాటలు పోల్చుకుంటుంది. నీ కాగితం స్టాండుకు తగిలిస్తే నేనే చదువుకుంటాను.

వందన


27 జనవరి

మబ్బు పట్టి విడిచింది. మొదటి కోత కాయ కళ్ళంలో టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసి, మూలలకు రాళ్ళు పెట్టాను.

చెల్లీ,

అభ్యంతరం అన్నావు. నాకెందుకు అభ్యంతరం? నువ్వు రాస్తే చాలు. ఆ మాట ఇంక ఎత్తకు.

ఊళ్ళో ఒక గొడవ జరిగింది. మార్తమ్మ కూతురు అత్తగారింటి నుంచి బొట్టు పెట్టుకుని వచ్చి, అట్లాగే గుళ్ళోకి వచ్చింది. వాళ్ళది హిందువుల ఇల్లు. అక్కడ పెట్టుకోక తప్పదంటుంది. ప్రభువు బల్లకు, రొట్టె రసం ఇచ్చేప్పుడు, ఆమెను పిలవాలా వద్దా అని సంఘం కూర్చుంది. పెద్దను కాబట్టి నన్ను చెప్పమన్నారు. నేను లేచి అమ్మ సంగతి చెప్పాను.

నువ్వప్పటికి పుట్టలేదు. అమ్మ బాప్తిస్మం తీసుకున్న ఏడాది, విత్తనం వేసే మొదటి రోజున ఆసామి భార్య గట్టు మీదే ఆపేసింది. "సారమ్మా, బోడి నుదురుతో నా చేలో కాలు పెట్టొద్దు. చిటికెడు కుంకం పెట్టుకుని దిగు" అంది. అమ్మ గంప అక్కడే దించి ఇంటికి వచ్చేసింది. ఆ కారంతా, పంట ఇంటికి చేరేదాకా, పనికి పిలవలేదు. మేము గంజి తాగాం. అమ్మ నుదురు మాత్రం అట్లాగే ఉంది. ఇది చెప్పి కూర్చున్నాను. ఆ పిల్లను బల్లకు దూరం పెట్టారు. మార్తమ్మ నా వంక చూసిన చూపు బాగాలేదు. చేసింది సరైనదే అనుకుంటున్నాను.

నీ ఉత్తరాలు మరీ చిన్నవి. మీ వదిన వెనక వైపు కూడా తిప్పి చూస్తుంది, ఇంకేమన్నా ఉందేమోనని.

పేతురు


6 ఫిబ్రవరి

అన్నా,

నిన్న రాద్దామనుకున్నాను, కుదరలేదు.

మార్తమ్మ కూతురి సంగతి చదివాను. ఆ పిల్ల బడిలో నా పక్కన కూర్చునేది. దూరం పెట్టకుండా ఉండాల్సింది.

నాకు ఒకటి అడగాలని ఉంది. నువ్వు తెలుసు అన్నావు గాని, నాకు నిద్ర పట్టడం లేదు. అన్నా, నా తలకు పెట్టే


16 ఫిబ్రవరి

ఆదివారం. ఎండ. గుడి ఊడ్చి, చాపలు పరిచి, గంట కొట్టాను.

వందనకు,

పోయిన ఉత్తరం సగంలో ఆగింది. మెడ అలిసిందనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోలేకపోతున్నాను.

మన సంఘంలోని ఏసుబాబు వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్ చేయించడానికి మీ వైపు వెళ్ళాడు. నిన్ను చూసి వస్తానని హోమ్‌కు వచ్చాడట. అది చూడనిచ్చే వేళ కాదన్నారట. అద్దం తలుపు బయట నుంచి ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చాడు. ఇవాళ ఆరాధన కాకముందే గుడి మెట్ల మీద అందరికీ చూపించాడు. వాడి మనసులో చెడు లేదు. "మన వందనక్క ఎంత తెల్లబడిందో చూడండి" అని చూపించాడు.

నీ నుదుటి మధ్యన గుండ్రంగా బొట్టు ఉంది. తళతళ మెరుస్తోంది.

"ఒరేయ్ పేతురూ, ఏందిరా ఇది, పెళ్ళికూతుర్ని చేశారా ఏంది?" అన్నాడు ఒకడు. నవ్వారు. మార్తమ్మ నవ్వలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. "నా బిడ్డ నుదురు మీద ఉంటే పాపం. నీ చెల్లెలి నుదురు మీద ఉంటే ఏందబ్బాయ్, అలంకారమా? లేవయ్యా, లేచి చెప్పు మీ అమ్మ కథ" అంది. నేను లేవలేదు. బైబిలు తెరిచి పట్టుకున్నాను. ఏ పుట తెరిచానో తెలియదు.

చెల్లీ, నువ్వు చెయ్యెత్తలేవని నాకు తెలుసు. ఎవరో పెట్టి ఉంటారు. తుడుచుకోలేవు. కానీ ఉత్తరం రాయగలిగినదానివి, వద్దు అన్న ఒక్క మాట రాయలేవా? ఆ ఊరికి పోయాక మనవాళ్ళు ఎవరూ చూడరనుకున్నావా? లేకపోతే ప్రభువు నీకు చేసినదానికి ఆయన మీద కోపమా? కోపమైతే అదే రాయి, చదువుతాను.

అది తీయించు. అది నీ నుదుటి మీద ఉన్నంతకాలం నాకు ఉత్తరం రాయవద్దు.

పేతురు


24 ఫిబ్రవరి

అన్నా,

నీ ఉత్తరం స్టాండు మీద నుంచి తీయొద్దని సైగ చేసి, రోజంతా చదివాను.

అన్నీ తెలిసే అడిగావు. నాకెందుకు అభ్యంతరం అన్నది నువ్వే. ఆ మాట ఎత్తవద్దన్నదీ నువ్వే. ఊరు చూశాక నీకు అభ్యంతరం వచ్చింది.

బాప్తిస్మం రోజున అమ్మ తన చేత్తో తుడుచుకుంది. నాకు ఎవరో ఒకరు తుడవాలి.

నువ్వు అడిగినట్టే చేస్తాను. ఈ కాగితం అయ్యాక తీసేయమంటాను. ఇదే నా ఆఖరి ఉత్తరం. వదినను జాగ్రత్తగా చూసుకో.

వందన


4 మార్చి

పడమటి గాలి, దుమ్ము. రెండో కోతకు కూలీలు దొరకలేదు. నేనూ మీ వదినా కోశాం.

వందనకు,

ఆఖరి ఉత్తరం అని రాశావు. పెంచిన అన్నతో అనే మాటేనా? అమ్మ పోయినప్పుడు నీకు జడ వేయడం కూడా రాదు నాకు. ఎదురింటి జమీలా పిన్నిని అడిగి నేర్చుకున్నాను. ఒక్క మాట అన్నందుకు తెంచుకుంటావా?

తీయిస్తానన్నావు. మంచిది. ఆదివారం సంఘంలో చెప్పాను. ప్రార్థన చేశారు. మార్తమ్మ కూడా తల వంచుకుంది. అంతటితో అయిపోయింది. ఇక రాయడానికి నీకు అడ్డమేమిటి? అది తీస్తేనే రాయమన్నాను గాని, తీశాక మానేయమనలేదు కదా.

అన్నీ తెలిసే అడిగావు అన్నావు. ఆ మాట నాకు అంతు పట్టలేదు. కోపంలో రాశావని వదిలేశాను.

పోస్ట్‌మ్యాన్ వారానికి రెండుసార్లు వస్తాడు. నేను చేలో ఉన్నా మోటారు దగ్గర నుంచి రోడ్డు కనపడుతుంది.

పేతురు


17 మార్చి

ఎండ ముదిరింది. పట్టాలు ఉతికి తీగ మీద ఆరేశాను. ఒకటి చిరిగితే కుట్టాను.

చెల్లీ,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. ఇవాళ పోస్ట్‌మ్యాన్ నన్ను చూసి దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆగను కూడా ఆగలేదు.

మీ వదిన నాతో మాట్లాడటం మానేసింది. పళ్ళెం ముందు పెట్టి "తిను పెద్దమనిషీ" అంటుంది. ఫోన్ చేస్తానంటే వద్దన్నాను. రాయగలిగినది రాయకుండా ఉంటే మనమెందుకు బతిమాలాలి అన్నాను. "ఎవరికయ్యా నీ పంతం? కాలూ చెయ్యీ లేనిదాని మీదా?" అంది. అయినా వద్దన్నాను.

నిజం రాస్తున్నాను. నీ మొదటి ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది. నువ్వు మాట్లాడలేని పది నెలలు నేను ఎట్లాగో ఉన్నాను. రెండు నెలలు మాట్లాడి ఆగిపోయాక ఉండలేకపోతున్నాను. తిట్టు రాయి. సగంలో ఆపు. ఖాళీ కాగితం మీద పేరు రాసి పంపు. ఏదో ఒకటి.

పేతురు


25 మార్చి

ఎండ. ఏం పని చేశానో గుర్తులేదు.

వందనా,

ఈ ఉత్తరం నువ్వు చదవవు. నా ఉత్తరాలు స్టాండుకు తగిలించగానే నువ్వు కళ్ళు మూసుకుంటున్నావని నాకు ఇవాళ తెలిసింది. చదివి వినిపిద్దామంటే ఫిర్దౌస్‌కు తెలుగు అక్షరాలు రావు. అయినా రాస్తున్నాను. నాకు చేతనైనది ఇదొక్కటే.

మీ వదిన నా మాట వినకుండా ఫోన్ చేసింది. నేను మంచం అల్లుతున్నాను. కావాలనే నాకు వినపడేట్టు స్పీకర్ పెట్టింది.

"ఏమ్మా ఫిర్దౌసూ, మా పిల్ల ఎట్టుంది?"

"బాలేదక్కా. జ్వరం వచ్చిపోయింది. అన్నం పెడితే రెండు ముద్దలకే మూతి తిప్పేస్తా ఉంది. మెడ ఎక్సర్‌సైజు వద్దంటాది. డాక్టరమ్మ కోప్పడింది. ఆ మెడ ఒకటే కదా మిగిలింది, వాడకుంటే అదీ నిలబడదు, అప్పుడు కుర్చీ దేంతో నడపాలి అని."

"ఒక ఉత్తరం ముక్క రాయమనవే తల్లీ. వాళ్ళన్న ఇక్కడ పిచ్చోడై తిరుగుతున్నాడు."

"ఎట్ల రాస్తాదక్కా? చుక్క తీసేయమనింది కదా."

"ఏం చుక్క?"

"నుదుట్లో పెట్టేది. చుక్క లేకుంటే కెమెరాకి తల కనపడదు. నేను మీకు ఫోన్లో అంతా చెప్పినా కదక్కా! మెరిసే చుక్క పెడతాము, మావాళ్ళేమన్నా అనుకుంటారేమో అడుగు అనింది మీ పాప, అని కూడా చెప్పినా. మీరు సరే సరే అన్నారు."

మీ వదిన ముఖం చూడలేకపోయాను. "ఆ రోజు కళ్ళంలో ట్రాక్టరు మోతమ్మా. నాకు కెమెరా అన్న మాట ఒకటే ఇనపడింది. మళ్ళీ మళ్ళీ అడిగితే మొద్దు మనిషి అనుకుంటావని ఆ, ఆ అన్నా" అంది.

ఆ రోజు ఇంటికి వచ్చి నాకు చెప్పింది కూడా అంతే. "ఏదో కెమెరా అంట, తలకాయ అంట, మంచిదే అంట." నేను నీకు రాసింది ఏమిటి? మాకు తెలుసులే అని రాశాను. నీకు మెడ నొప్పి ఎందుకని రాశాననుకున్నాను. తెలియదు అని రాయడానికి నాకు మనసొప్పలేదన్నది కూడా ఉంది. తలకు గుర్తు అని నువ్వు రాస్తే పట్టీ లాంటిది ఊహించుకున్నాను. అభ్యంతరం అని రాస్తే, ముస్లిం పిల్ల చేతి అన్నం తింటున్నందుకు నేనేమన్నా అనుకుంటానని నీ బెంగ అనుకున్నాను. ఒక్కటీ అడగలేదు. అన్నింటికీ తల ఊపాను.

నేను మంచం మీద నుంచే అడిగాను. "ఆ చుక్క దేంతో చేస్తారు?"

"లారీల వెనక అతికిస్తారే అన్నా, రేడియం. అట్లాంటిదే. వెలుతురు పడితే తిరిగి కొడతాది. అది కెమెరాకి కనపడతాది."

ఆ తరువాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. నిన్ను లారీ గుద్దిన రోజు మంచులో, మీరు ఎక్కి కాయ కోతకు పోతుంటే ఆగిన ట్రాలీ వెనక అది లేదు. లారీ డ్రైవరు పోలీసులకు ఒకటే చెప్పాడు, ముందు ఏదీ మెరవలేదు, మనుషులున్నారని తెలియలేదు అని. నిన్ను ఆసుపత్రిలో వేశాక ఆ పోలీసులే వచ్చి ఊళ్ళో ట్రాలీలన్నిటికీ అతికించి పోయారు. వాటిని చూసినప్పుడల్లా, ముందే ఉంటే ఎంత బాగుండేది అనుకునేవాణ్ణి. నీకు అది పెట్టారు. నువ్వు ఉన్నావని తెలిసింది. నేను తీయించాను.

చుక్క మళ్ళీ పెట్టమని ఫిర్దౌస్‌ను బతిమాలాను. ఫోన్ పెట్టేసి వెళ్ళి, కాసేపటికి తిరిగి చేసింది. పెట్టబోతే నువ్వు ముఖం గోడవైపు తిప్పుకున్నావట. "బలవంతంగా పెట్టలేను అన్నా. తనది తల ఒకటే ఉంది. దాన్ని కూడా మనమే పట్టుకుంటే ఎట్ల?" అంది. ఆ అమ్మాయి చెప్పింది న్యాయం.

బయలుదేరదామని సంచి సర్దాను. నీకు ఛాతీలో కఫం ఉందని, ఇప్పుడు బయటివాళ్ళను ఎవరినీ లోపలికి రానివ్వరని, తగ్గాక రమ్మని చెప్పింది. సంచి అట్లాగే ఉంది.

ఏం చేస్తే నువ్వు కళ్ళు తెరుస్తావో నాకు తెలియడం లేదు.

పేతురు


7 ఏప్రిల్

ఎండ. ఆఖరి కోత అయిపోయింది. రంగు పోయిన తాలుకాయ ఏరి పక్కన పోశాం.

చెల్లీ,

నిన్న ఫిర్దౌస్ ఫోన్ నీ చెవి దగ్గర పెట్టింది. నేను చెప్పాలనుకున్నదంతా కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. మొదటి మాట క్షమించమని. నోరు తెరిచేసరికి కాగితం మీది అక్షరాలు కనపడలేదు. "ఇవాళ ఎండ. కాయ ఆరబోశాం. పట్టాలు ఉతికాను" అన్నాను. మీ వదిన నెత్తి కొట్టుకుంది. అటు వైపు ఫిర్దౌస్ "కళ్ళు తెరిచింది అన్నా, చెప్పండి, ఇంకా చెప్పండి" అంటోంది. నాకు ఇంకేమీ రాలేదు. "సాయంత్రానికి వాన వచ్చేట్టుంది" అన్నాను. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. మీ వదిన ఫోన్ లాక్కుని "నీ అన్న సంగతి తెలిసిందే కదే, నువ్వు లేకపోతే ఈ మనిషితో నేను ఏగలేను" అని గట్టిగా ఏడ్చింది. విన్నావు కదా.

నువ్వు కళ్ళు తెరిచావన్న ఒక్క మాట పట్టుకుని ఇది రాస్తున్నాను. చదువుతావో లేదో తెలియదు.

దీనితో పాటు ఒక కవరు పంపుతున్నాను. అందులో చుక్కలున్నాయి. వినుకొండలో బండ్లకు నంబర్లు రాసే సాజిద్ దగ్గర కోయించాను. "ఎంత సైజు కాకా? ట్రాక్టరుకా, ఆటోకా?" అన్నాడు. మనిషికి అన్నాను. వాడు కత్తెర పక్కన పెట్టి నా వంక చూశాడు. సంగతి చెబితే, నీటికి ఊడనిది వెతికి ఇచ్చాడు.

జిగురు దురద పెడుతుందేమో, చెమటకు జారుతుందేమో చూడకుండా నీకు పంపడం ఇష్టం లేక ఒకటి నా నుదుటి మీదే అతికించుకున్నాను. దాంతోనే కాయకు పోయాను. నిన్న పొద్దున అది ఉన్న సంగతి మరిచిపోయి గుడికి వెళ్ళి గంట కొట్టాను. ఎండ తగిలి మెరిసిందట.

ముందు చూసింది మార్తమ్మే. "ఏందబ్బాయ్, నీక్కూడానా?" అంది. చెయ్యి నుదుటికి పోయింది. తీయబోయి ఆగాను. ఇన్నాళ్ళూ గుళ్ళో చెప్పాల్సినదానికి నోరు రాలేదు. అప్పుడు మాత్రం అన్నాను. "దీంతోనే మా చెల్లి ఉత్తరాలు రాసేది. నేను తీయించా. అందుకే ఉత్తరాలు రావట్లా." అంతే చెప్పగలిగాను. ఎవరూ నవ్వలేదు. ఏసుబాబు ఫోన్ తీసి ఆ ఫోటో మళ్ళీ చూసుకున్నాడు.

పాస్టరు గారు, ఆ పిల్ల విషయంలో నువ్వు మాట్లాడినదానికీ దీనికీ పొంతన ఎట్లా పేతురూ అని అడిగారు. పొంతన లేదన్నాను. గుడి తాళంచెవులు ఆయన ముందు పెట్టాను. ఆ పిల్లను బల్లకు పిలిచిన రోజున వచ్చి తీసుకుంటానన్నాను. ఇంకా తేలలేదు. ఇవాళ గంట వేరేవాళ్ళు కొట్టారు. కొట్టడం సరిగా రాలేదు.

అమ్మ ఉంటే ఏమనేదో చానా ఆలోచించాను. అమ్మ నుదుటి మీద ఒకరు పెట్టమంటే కాదంది. నీ నుదుటి మీద ఉన్నది ఒకడు తీయమంటే నువ్వు తీశావు. తీయమన్నవాడిని నేను. నేను గట్టు మీద నిలబడ్డ ఆసామి భార్య వైపు మనిషినయ్యాను.

చుక్కను కళ్ళజోడుకు కూడా అతికించవచ్చని, అది కాస్త జారుతుందని ఫిర్దౌస్ అంది. నీకు ఏది సుఖంగా ఉంటే అది. నా కోసం మాత్రం కళ్ళజోడు వద్దు.

నాకు రాయకపోయినా పరవాలేదు. నిన్ను ఉత్తరం అడగడం లేదు. చుక్క పెట్టించుకుని ఎవరికైనా రాయి. మీ వదినకు రాయి, చదవకుండా ఆమెకే ఇస్తాను. బడిలో నీ పక్కన కూర్చున్న ఆ పిల్లకు రాయి. లేదంటే కుర్చీని మళ్ళీ గోడకు గుద్దు. ఆ మెడను మాత్రం పోనివ్వకు తల్లీ. అదీ పోతే ఇంక చుక్క పెట్టేందుకు చోటు ఉండదు. నీ పెదవులు కదులుతుంటే నేను తల ఊపుతూ నిలబడటం మళ్ళీ నా వల్ల కాదు.

జిగురు దురద పెట్టడం లేదు. చెమటకు ఆగింది.

పేతురు


23 ఏప్రిల్

అన్నా,

మబ్బు. కిటికీ తీసి ఉంది.

నీ చుక్కలు పెద్దవి. ట్రాలీకి సరిపోతాయి. ఫిర్దౌస్ చుట్టూ కత్తిరించింది.

కోపం పోలేదు. ఉంది.

మెడ నిలవడం లేదు. ఇది ఎన్నో రోజో తెలియదు. నీ కాగితాలు ఆఖరిదానితో మొదలుపెట్టి వెనక్కి అన్నీ చదివాను.

ఆ సాయంత్రం వాన వచ్చిందా.

చేసిన పని: పొద్దున ఫిర్దౌస్ చేత చుక్క పెట్టించుకుని, ముందుగా